చైనాకు తుపాకీ ఎందుకివ్వలేదు?

'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' ఆట 1999 సెప్టెంబరులో వచ్చింది. అందులో చైనాను ఎంచుకుని ఆడటం మొదలుపెట్టామనుకోండి. పొలాలు వేయించి, అడవి కొట్టించి, బంగారం తవ్వించి, ముక్కీ మూలిగీ నాలుగోదీ ఆఖరుదీ అయిన సామ్రాజ్య యుగానికి చేరుకుంటాం. తుపాకీమందు వచ్చేది ఆ యుగంలోనే. సంబరంగా ఆర్చరీ రేంజ్ మీద నొక్కితే తుపాకీ సైనికుడి బొమ్మ కనబడదు. సీజ్ వర్క్‌షాప్‌లో వెతికితే ఫిరంగి బొమ్మా లేదు. అవతల టర్కులను ఎంచుకున్న మిత్రుడు ఫిరంగులు వరసగా నిలబెట్టి మన గోడలు కూలుస్తుంటాడు. తుపాకీమందును లోకానికి కనిపెట్టి ఇచ్చిన చైనావాడు మాత్రం బాణాలు వేసుకుంటూ కూర్చుంటాడు.

ఇది చరిత్ర తెలియక చేసిన పొరపాటు కాదు. కావాలనే తీసేశారు. ఎందుకు తీసేశారో తెలియాలంటే ఈ ఆటలో జాతులు ఎలా పుట్టాయో తెలియాలి. ఆట వాటిని 'సివిలైజేషన్లు' అంటుంది, ఆడేవాళ్లు పొట్టిగా 'సివ్‌లు' అంటారు. నేను జాతులనే అంటాను.

అమెరికాలోని డల్లస్‌లో టోనీ గుడ్‌మన్ అనే ఆయనకు వ్యాపార సంస్థలకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చే కంపెనీ ఉండేది. లెక్కల సాఫ్ట్‌వేర్ డబ్బులిచ్చేదే గానీ మనసు ఆటల మీద ఉండేది. 1995లో ఎన్‌సెంబుల్ స్టూడియోస్ మొదలైంది. అతని సోదరుడు రిక్, బ్రయన్ సల్లివన్‌లతో పాటు బ్రూస్ షెల్లీ కూడా వచ్చి చేరాడు. షెల్లీ అప్పటికే పేరున్నవాడు. సిడ్ మయర్ 1991లో 'సివిలైజేషన్' చేసినప్పుడు ఆయనకు కుడిభుజం. ఆ ఆటలో రోమన్లున్నారు, జులూలున్నారు, గాంధీ నడిపే భారతీయులున్నారు. కానీ ఆడేవాడి చేతిలో పడ్డాక అందరూ ఒక్కటే. పేరు మారేది, రంగు మారేది, కంప్యూటరు నడిపే నాయకుల తీరు కాస్త మారేది, అంతే. రోమన్ల సైనికుడికీ జులూల సైనికుడికీ వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు.

ఆ ఆటలో చదరంగంలోలాగా వంతుల వారీగా ఎత్తులు వేసేవారు. అదే సమయానికి 'వార్‌క్రాఫ్ట్', 'కమాండ్ అండ్ కాంకర్' లాంటివి వచ్చి, గడియారం ఆగకుండా అందరూ ఒకేసారి ఆడే తీరును జనానికి మరిగించాయి. ఆ పరుగుకు ఈ చరిత్రను జోడిస్తే ఎలా ఉంటుందన్నదే డల్లస్ వాళ్ల ఆలోచన. మొదట్లో ఆటకు 'డాన్ ఆఫ్ మ్యాన్' అని పిలుపుపేరు. 1997 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ దాన్ని 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' పేరుతో విడుదల చేసింది. మన ఇంజినీరింగ్ హాస్టళ్లలో గదికీ గదికీ మధ్య కేబుల్ లాగి ఆడినవాళ్లకు ఆటంటే ఇదే. పూజారి చేతులెత్తి 'వోలోలో' అనగానే మన సైనికుడు రంగు మార్చుకుని అవతలివాడి పక్షాన చేరిపోవడం ఇప్పటికీ తలచుకుని నవ్వుకునేవాళ్లున్నారు.

చరిత్రను ఎక్కడ చదివారన్నదానికి షెల్లీ చెప్పిన జవాబు నాకు భలే నచ్చుతుంది. గ్రంథాలయాల్లో పిల్లల విభాగానికి వెళ్లి చదివారట. పండితుల పుస్తకాల్లో ఉన్నదంతా ఆటలోకి తెస్తే ఆడేవాడు తికమకపడతాడు. పిల్లల పుస్తకంలో ఉన్నది మాత్రం అందరికీ ముందే తెలిసి ఉంటుంది: ఈజిప్టు అంటే రథం, గ్రీకు అంటే బల్లెం పట్టిన దండు. జాతి పేరు వినగానే ఆడేవాడి మనసులో ఏ బొమ్మ కదులుతుందో ఆ బొమ్మే ముడిసరుకు. చరిత్ర విద్యార్థులు ముఖం చిట్లించవచ్చు. కానీ వాళ్లు పాఠం తయారు చేయడం లేదు కదా.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. మొదటి ఆటలోనే 12 జాతులు: ఈజిప్షియన్లు, గ్రీకులు, బాబిలోనియన్లు, షాంగ్‌లు, యమాటోలు వగైరా. పన్నెండుమందినీ వేరువేరుగా ఎలా చేయాలి?

దీనికి ఆ రోజుల్లోనే మరో జవాబు బయటికొచ్చింది. 1998లో బ్లిజార్డ్ సంస్థ 'స్టార్‌క్రాఫ్ట్' విడుదల చేసింది. అందులో మూడంటే మూడే జాతులు. ఒకదానికీ ఇంకోదానికీ పోలికే లేదు. ఒకరు ఇల్లు కట్టుకుంటే ఒకరు ఇల్లు పెంచుకుంటారు. అద్భుతమైన పనే, కానీ ఆ దారిలో పన్నెండు జాతులంటే పన్నెండు ఆటలు చేసినట్టే. బొమ్మలు గీసేవాళ్లు చాలరు, నేర్చుకునేవాళ్ల ఓపికా చాలదు.

డల్లస్ వాళ్లు పట్టుకున్న దారి మన పెళ్లి భోజనంలాంటిది. అందరికీ ఒకే విస్తరి, అందులో అన్ని వంటకాలూ వడ్డిస్తారు. ఆ తర్వాత ఒక్కొక్కరి విస్తట్లోంచి కొన్ని తీసేస్తారు. ఒకరికి పప్పుండదు, ఒకరికి పులుసుండదు, ఇంకొకరికి గారెలుండవు. దానికి బదులుగా ఒక్కొక్కరికి ఏదో ఒకటి రెండు గరిటెలు ఎక్కువ వేస్తారు. ఆటలో ఆ విస్తరికి 'టెక్ ట్రీ' అని పేరు. బారక్స్ ఎక్కడ నొక్కాలో, గుర్రాలు ఎలా తయారవుతాయో ఒక్కసారి నేర్చుకుంటే అన్ని జాతులకూ సరిపోతుంది. తేడా అంతా లేనివాటిలో ఉంటుంది.

1999 నాటి రెండో ఆటలో 13 జాతులకు ఈ పద్ధతి పండింది. 'కాల్ ఆఫ్ కథుల్హూ' అనే బల్లమీది ఆటను సృష్టించి, 'డూమ్'కు స్థాయిలు గీసిన శాండీ పీటర్‌సన్ అప్పటికి జట్టులో ఉన్నాడు. ప్రతి జాతికీ కోటలో మాత్రమే తయారయ్యే సొంత సైనికుడు వచ్చాడు: బ్రిటన్లకు నిలువెత్తు విల్లు పట్టిన విలుకాడు, జపానుకు సమురాయ్, మంగోలులకు గుర్రం మీంచే బాణాలు గుప్పించే మంగుదాయ్. పెట్టె మీద బొమ్మగా వేసుకోవడానికి ఈ సైనికులు బాగుంటారు. కానీ ఆట తెలిసినవాళ్లు ఒక జాతిని అంచనా కట్టేటప్పుడు ముందు చూసేది టెక్ ట్రీలో ఎర్ర గుర్తు పడ్డ గళ్లనే.

టర్కుల సంగతే చూడండి. తుపాకులు, ఫిరంగుల్లో వాళ్లను మించినవాళ్లు లేరు. అయితే ఇద్దరు మామూలు సైనికులను తీసేశారు: బల్లెంవాణ్ణి పైమెట్టుకు ఎక్కించే పైక్‌మన్, ఈటెలు విసిరేవాణ్ణి మెరుగుపరిచే ఎలీట్ స్కర్మిషర్. పోతేపోనీ, కూలీ సైనికులే కదా అనిపిస్తుంది. లోతు అక్కడే ఉంది. ఈ ఆటలో అడవి చాలాకాలం ఉంటుంది, పొలం మళ్లీ మళ్లీ వేసుకోవచ్చు, బంగారపు గని మాత్రం అయిపోతుంది. మామూలు విలుకాడికి 25 కలప, 45 బంగారం. గుర్రపు నైట్‌కు 60 ఆహారం, 75 బంగారం. అదే బల్లెంవాడికి 35 ఆహారం, 25 కలప చాలు, బంగారం అక్కర్లేదు. గంట దాటిన యుద్ధంలో గనులన్నీ వట్టిపోయాక మిగిలేది ఈ కూలీ సైనికులే. అప్పుడు టర్కుల చేతిలో ఏముంది? గుర్రాల గుంపు మీదికొస్తే ఆపగల గట్టి బల్లెం లేదు. ఫిరంగికి బంగారం లేదు. ఆట మధ్యలో పులిలా ఉన్నవాడు చివర్లో పిల్లిలా అయిపోతాడు. ఒక్క బలహీనతనూ ఎక్కడా రాయకుండా, రెండు గళ్లు కొట్టేసి కాలంతో పాటు మారే స్వభావాన్ని సృష్టించారు.

గాత్‌లకు రాతిగోడ లేదు. వాళ్ల కాలిబంటు చవక, చివరి దశలో చీమలబారులా పుట్టుకొస్తుంది. అంతదాకా బతికి బట్టకట్టడమే వాళ్ల కష్టం. చైనాకు మిగతావాళ్లకంటే ముగ్గురు గ్రామస్థులు ఎక్కువ, విద్యలన్నీ చవక, వరసగా బాణాలు కురిపించే చు-కో-ను సైనికుడు సొంతం. ఇంత ఇచ్చాక తుపాకీ, ఫిరంగి కూడా ఇస్తే మిగతా పన్నెండుమంది ఇంటికి పోవాల్సిందే. విస్తరి నిండిపోయింది, పాయసం తీసేశారు. ఆ పాయసాన్ని కనిపెట్టింది వాళ్లేనన్నది వేరే సంగతి.

చైనాతో ఇంకో చిక్కు కూడా ఉంది. ముగ్గురిని ఎక్కువ ఇచ్చినందుకు మొదటి ఆహారంలో కోత పెట్టారు. 2000లో వచ్చిన 'ది కాంకరర్స్' నాటికి ఆ కోత 200కు చేరింది. అందరికీ మొదట ఇచ్చేదే 200. అంటే ఆరుగురు గ్రామస్థులు, గాదెలో గింజ లేదు. చేయి తిరిగినవాడు గొర్రెను పట్టుకుని, క్షణం వృథా కాకుండా ఇల్లు గడిపి, పది నిమిషాల తర్వాత అందరికంటే ముందుంటాడు. కొత్తవాడు ఆ మొదటి నిమిషంలోనే తడబడి అక్కడే కూలబడతాడు. ఒకే జాతి ఒకరి చేతిలో బలమైనది, ఇంకొకరి చేతిలో బలహీనమైనది. మరి దానికి బలం పెంచాలా, తగ్గించాలా? బ్యాలెన్స్ చేసేవాళ్లకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇదే.

అంకెల విషయంలో వాళ్లకు మొదటి దెబ్బ తగిలింది 1997 నాటి షాంగ్‌లతో. ఆ ఆటలో గ్రామస్థుడి ఖరీదు 50 ఆహారం. షాంగ్‌లకు 35కే. కాగితం మీద చూస్తే చిన్న రాయితీ, పండగకు గుడ్డల కొట్టువాడు ఇచ్చేపాటిది. కానీ మొదట చేతికిచ్చేది 200 ఆహారం. మిగతావాళ్లకు దాంతో నలుగురు వస్తారు. షాంగ్‌కు అయిదుగురు వచ్చి, ఇంకా 25 మిగులుతుంది. ఆ అయిదోవాడు తెచ్చిన ఆహారంతో ఆరోవాడు, వాడితో ఏడోవాడు. చక్రవడ్డీ ఎలా పెరుగుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కత్తుల వాడి, గుర్రాల వేగం దాని ముందు దిగదుడుపే. నెట్‌లో పంతాలు పెట్టుకుని ఆడేవాళ్లు వెంటనే పసిగట్టారు, ఎటు చూసినా షాంగ్‌లే. 1998 నాటి 'రైజ్ ఆఫ్ రోమ్'లో ఆ 35ను 40 చేశారు. లెక్క వేసి చూడండి: 200కు ఇప్పుడూ అయిదుగురే వస్తారు, కాకపోతే చిల్లర మిగలదు. బలం మొత్తం లాగేసుకోకుండా ఆ మిగులును మాత్రం తుడిచేశారు.

ఆ 'రైజ్ ఆఫ్ రోమ్' రావడానికి కారణం కూడా చెప్పాలి. రెండో ఆట 1998 చివరికే రావాల్సింది. తయారు కాలేదు. ఆ లోటు పూడ్చడానికి మొదటి ఆటకు అనుబంధంగా ఇది చేసిపెట్టి, రెండోదానికి ఇంకో ఏడాది తీసుకున్నారు. ఆ ఏడాదే దాని అదృష్టం. ఎన్‌సెంబుల్‌లో ఒక ఆచారం ఉండేది: ఏ పని చేసేవాళ్లయినా సరే, తయారవుతున్న ఆటను కూర్చుని ఆడాల్సిందే. బొమ్మలు గీసేవాళ్లు, ప్రోగ్రాం రాసేవాళ్లు, అందరూ. కాగితం మీద లెక్క సరిపోయిందని ఎవరూ సంతోషపడేవారు కాదు. ఓడిపోయినవాడి ముఖం చూసి అంకె మార్చేవారు. నీళ్లలో వేసి చూడకుండా అరిశెల పాకం ఎవరు దింపుతారు?

'కాంకరర్స్' అయిదు జాతులను తెచ్చింది, వాటిలో రెండు మొత్తం పద్ధతికే పరీక్ష పెట్టాయి. అజ్టెక్‌లు, మాయన్లు. స్పెయిన్‌వాళ్లు దిగేనాటికి అమెరికా ఖండాల్లో గుర్రం లేదు. ఆటలో వేగమంటేనే గుర్రం. దేశాన్ని చూసిరావడానికి మొదట ఇచ్చేది గుర్రపు స్కౌట్‌నే, శత్రువు విలుకాళ్లను తరిమేది గుర్రపుదండే. గుర్రపుశాల తీసేస్తే విస్తరి మధ్యలో చిల్లు పడినట్టే. గుర్రం ఇచ్చేస్తే బడిపిల్లలు కూడా నవ్వుతారు. అక్కడ పుట్టినవాడే ఈగల్ వారియర్. అజ్టెక్ సేనలో గద్ద వేషం వేసుకున్న యోధులు నిజంగానే ఉండేవారు. ఆటవాళ్లు ఆ యోధుడి కాళ్లకు గుర్రపు వేగాన్ని తగిలించారు, బాణాలకు, మతం మార్చే సన్యాసులకు అంత తేలిగ్గా లొంగకుండా చేశారు. చరిత్ర వేషమిచ్చింది, ఖాళీగా మిగిలిన గడి పని అప్పగించింది. నా మటుకు ఈ ఆటలో అన్నిటికంటే తెలివైన కల్పన ఇదే.

అయిదింటిలో కొరియన్లది వేరే కథ. 'స్టార్‌క్రాఫ్ట్' దక్షిణ కొరియాలో పిచ్చిగా అమ్ముడవుతోంది. ఆ బజారులో మనమూ ఉండాలంటే కొరియన్లు ఉండాల్సిందేనని మైక్రోసాఫ్ట్ పట్టుబట్టిందని, పని చివరికొచ్చిన దశలో వాళ్లను చేర్చాల్సి వచ్చిందని శాండీ పీటర్‌సన్ తర్వాతి రోజుల్లో చెప్పుకున్నాడు. జాతులు చరిత్రలోంచే కాదు, అమ్మకాల లెక్కల్లోంచి కూడా పుడతాయి. ఇక హూణులు. వాళ్లకు ఇళ్లు కట్టుకునే పనే లేదు, సంచారజాతి కదా అని. కలప మిగిలింది, సమయం మిగిలింది, దానికి తోడు చవకైన గుర్రపు విలుకాళ్లు. ఇంకేముంది, ఏళ్ల తరబడి పోటీ ఆటగాళ్లు హూణులను ఎంచుకుని హూణులతోనే తలపడ్డారు. 'హన్ వార్స్' అని దానికో పేరే పడింది. పద్దెనిమిది జాతుల ఆటను జనం ఒక్క జాతి ఆటగా మార్చేసుకున్నారు.

సరిచేసేవాళ్లు మాత్రం అక్కడ లేరు. స్టూడియో వేరే ఆటల మీదికి వెళ్లింది, 2009లో మైక్రోసాఫ్ట్ దాన్ని మూసేసింది. ఆట చావలేదు. ఈ ఆటలో సైనికుల ఖరీదులు, బలాలు, వేగాలు ప్రోగ్రాంలో కలిపేయకుండా విడిగా ఒక ఫైల్లో ఉండేవి. ఆడినవాళ్లే ఆ ఫైలు విప్పడం నేర్చుకున్నారు. వేరువేరు దేశాల అభిమానులు కలిసి 'ఫర్‌గాటెన్ ఎంపైర్స్' పేరుతో కొత్త జాతులను చేర్చారు. 2013లో మైక్రోసాఫ్ట్ ఆటను హెచ్‌డీ రూపంలో మళ్లీ విడుదల చేసి, ఆ అభిమానుల పనినే అధికారికం చేసి అదే ఏడాది అమ్మకానికి పెట్టింది. ఊరి తిరునాళ్లలో నాటకం వేసుకునే కుర్రాళ్లను సినిమా వాళ్లు వచ్చి పిలుచుకుపోయినట్టు.

మన ఉపఖండం ఈ ఆటలో అడుగుపెట్టింది ఆ తలుపులోంచే. 2013లో 'ఇండియన్స్' అని ఒకే జాతి. ఒంటెలు, ఏనుగు మీది విలుకాళ్లు. ఐరోపాకేమో బ్రిటన్లు, కెల్ట్‌లు, ఫ్రాంక్‌లు, ట్యూటన్లు, వైకింగులు అని వేరువేరుగా విస్తళ్లు వేశారు. కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా మనందరికీ కలిపి ఒక్కటే విస్తరి. దాన్ని విడదీయడానికి తొమ్మిదేళ్లు పట్టింది. 2022 ఏప్రిల్ 28న 'డైనస్టీస్ ఆఫ్ ఇండియా' వచ్చింది. పాత ఇండియన్స్ హిందుస్థానీలయ్యారు. బెంగాలీలు, గూర్జరులు, ద్రవిడులు కొత్తగా వచ్చారు.

ద్రవిడులంటే ఆ లెక్కన మనం కూడా. ఆ పేరు మీద నాకు కాస్త గొణుగుడు ఉంది. అది రాజ్యం పేరు కాదు, భాషల కుటుంబానికి పండితులు పెట్టుకున్న పేరు. తెలుగు, తమిళం, కన్నడం ఒకే తల్లి బిడ్డలని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ వాదించింది 1816లో, అదీ క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటలో. పందొమ్మిదో శతాబ్దపు భాషాశాస్త్రం పేరు కింద చోళులు, పాండ్యులు, కాకతీయులు ఒకే రంగు జెండా పట్టుకుని నిలబడ్డారు, బతికినన్నాళ్లూ ఒకరి మీదికొకరు దండెత్తినవాళ్లు. సైనికులు మాట్లాడేది తమిళం. సొంత సైనికుడు ఉరుమి పట్టినవాడు, కేరళ కళరిలోని చుట్టుకత్తి అది. సొంత ఓడ తిరిసడై, చోళులది. నడిపే కథ రాజేంద్ర చోళుడిది. ఆయన కూతురు అమ్మంగదేవిని చేసుకున్న వేంగి రాజరాజ నరేంద్రుడి కొలువులోనే నన్నయ్య భారతం మొదలుపెట్టాడు. మనం ఆ కథలో అల్లుడి వరసలో, గడప బయట ఉన్నామన్నమాట.

ఒక్కచోట మాత్రం మన మాట సూటిగా వినిపిస్తుంది. ద్రవిడుల సొంత విద్యల్లో ఒకదాని పేరు 'వూట్జ్ స్టీల్'. వూట్జ్ అంటే ఉక్కే, తెలుగు కన్నడాల్లోని ఆ మాటే ఇంగ్లీషు వాళ్ల నోట్లో అలా వంకరపోయింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో వండిన ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చి కూర్చునేవారు. డమాస్కస్ కత్తులకు పేరు తెచ్చిన ఉక్కు అది. ఆటలో దాన్ని సాధించాక ద్రవిడుల కాలిబంటు, గుర్రపుదండుల దెబ్బలకు శత్రువు కవచం అడ్డు రాదు. ట్యూటన్ల ఎలీట్ నైట్ ఉన్నాడు, నిలువెల్లా ఇనుము, కవచం 10. మిగతా మెరుగులు పక్కనపెడితే, 13 బలమున్న ఛాంపియన్ కత్తి వాడి మీద పడితే దిగేది 3. ఉక్కు కత్తి పడితే పూర్తిగా 13.

ఇంత వడ్డించాక ఏదో తీయాలి కదా. నౌకాబలం ఇచ్చారు, యుగం మారినప్పుడల్లా 200 కలప ఉచితంగా ఇచ్చారు, బారక్స్ విద్యలు సగం ధరకే ఇచ్చారు. గుర్రం తీసేశారు. తేలికపాటి గుర్రపువాడు ఉంటాడు, ఏనుగు ఉంటుంది, అసలైన నైట్ ఉండడు. ఈ కోత చరిత్రకు దగ్గరగానే ఉంది. దక్షిణాదిలో మేలుజాతి గుర్రాలు పెరిగేవి కావు, అరేబియా, పర్షియాల నుంచి ఓడల్లో దిగేవి. పాండ్యరాజులు వాటికి ఎంత పోసేవారో మార్కో పోలో ఆశ్చర్యపోతూ రాశాడు. ఫలితంగా నీళ్లున్న మ్యాపుల్లో ద్రవిడులు మొనగాళ్లు, అరేబియా అనే ఎడారి మ్యాపులో, పోటీలు ఎక్కువగా జరిగేది అక్కడే, కాళ్లీడ్చుకునే రకం. వచ్చిన కొత్తలో గూర్జరుల బలాన్ని కోస్తూ వచ్చారు, ద్రవిడులకు అంకెలు సవరిస్తూ వచ్చారు. ఆ సవరణ ఒక పట్టాన తేలేది కాదు.

ఎడారిలో ఆడుతున్నప్పుడు ఉక్కు కత్తి చేతిలో సిద్ధంగా ఉంటుంది. గుర్రమెక్కిన శత్రువు దానికి అందనంత దూరంలో తిరుగుతూ పొలాల్లో పనివాళ్లను నరికి పోతుంటాడు. వెంటపడదామని స్టేబుల్ మీద నొక్కి చూస్తే నైట్ బొమ్మ ఉండదు.